పెళ్లి వీడియోను డీవీడీలకు పంచడం: అపోహలు - వాస్తవాలు

పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసే నా దగ్గరికి, ఐదు గంటల క్యాసెట్లు పట్టుకొచ్చి వాటిని డీవీడీల్లోకి ఎక్కించమనే వారు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. వారితో పాటు కొన్ని అపోహలూ వస్తాయి.

అపోహ: ఒక డీవీడీలో రెండు గంటలే పడుతుంది.

వాస్తవం: డిస్కుకు గంటల లెక్క తెలియదు. ఒకే పొర ఉన్న డిస్కులో 4.7 జీబీ పడుతుంది, కంప్యూటర్ దాన్నే వెయ్యికి బదులు 1024 లెక్కన కొలిచి 4.37 జీబీగా చూపుతుంది. ఆ చోటును రెండు గంటలకు పంచితే సెకనుకు దాదాపు 5.2 మెగాబిట్లు దక్కుతాయి. నాలుగు గంటలకు పంచితే 2.6కు పడిపోతుంది. అప్పుడు కదలకుండా కూర్చున్న పురోహితుడు బాగానే కనిపిస్తాడు కానీ, తలంబ్రాలు పోసుకునే వేళకు ఎగిరే బియ్యపు గింజల చుట్టూ, పట్టుచీర జరీ అంచు మీదా గళ్లు గళ్లుగా బొమ్మ చెదురుతుంది, ఎందుకంటే కదలిక ఎక్కువైన చోటే, డీవీడీ బొమ్మను కుదించే ఎంపెగ్-2 పద్ధతికి బిట్లు ఎక్కువ కావాలి. అందుకే ఐదు గంటల పెళ్లిని నేను మూడు డిస్కులకు, శబ్దంతో కలిపి ఆరు మెగాబిట్ల చొప్పున పంచుతాను. శబ్దాన్ని కుదించకుండా పీసీఎంగా వదిలేస్తే అదొక్కటే ఒకటిన్నర మెగాబిట్లు మింగేస్తుంది. కుదించిన ఏసీ-3 రూపంలోకి మారిస్తే 0.2తో సరిపోతుంది, సన్నాయి వినేవారికి తేడా తెలియదు.

అపోహ: మూడు సమాన భాగాలుగా కోస్తే పని అయిపోతుంది.

వాస్తవం: కొత్తలో నేనూ అలాగే కోశాను. మాంగల్యధారణలో రెండో ముడి పడగానే మొదటి డిస్కు అయిపోయింది. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, "బాబూ, మా అమ్మాయికి రెండు ముళ్లే పడ్డాయా?" అని అడిగారు. అప్పటి నుంచి స్నాతకం మొదలు గౌరీపూజ దాకా ఒక డిస్కు, జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల దాకా రెండోది, అప్పగింతలు, రిసెప్షన్ కలిపి మూడోది చేస్తున్నాను. నిడివి తగ్గిన డిస్కుకు బిట్‌రేటు, అంటే సెకనుకు దక్కే బిట్లు, పెంచుకోవచ్చు, అయితే డీవీడీలో బొమ్మకు గరిష్ఠ పరిమితి సెకనుకు 9.8 మెగాబిట్లు. ఈ కోత ఎన్‌కోడింగ్‌కు (ఎంపెగ్-2లోకి కుదించడానికి) ముందే, ఎడిటింగ్‌లోనే జరగాలి. ఎంపెగ్-2లో ఫ్రేములు గుంపులుగా, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో 15 దాకా ఒక్కో గుంపుగా ఉంటాయి కనుక, తర్వాత కోస్తే గుంపు మొదట్లోనే కోయాలి, లేదా ఆ ముక్కను మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి.

అపోహ: డీవీడీలో బొమ్మ, శబ్దం ఉండే వీఓబీ ఫైళ్లు ఎలాగూ ఒక్కో జీబీ ముక్కలే కదా, వాటిని వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేస్తే చాలు.

వాస్తవం: ఆ ముక్కలన్నీ కలిసి ఒకే ప్రవాహం. ఏ సన్నివేశం ఎక్కడుందో చెప్పే ఐఎఫ్‌ఓ ఫైలు లేకపోతే టీవీ పక్కనున్న ప్లేయర్‌కు దారి తెలియదు. ప్రతి డిస్కునూ సొంత మెనూతో విడిగా ఆథరింగ్ చేయవలసిందే, అంటే ప్లేయర్ ఆడించే డీవీడీగా కూర్చవలసిందే.

అపోహ: రెండు పొరల 8.5 జీబీ డిస్కు వాడితే ఈ బాధే ఉండదు.

వాస్తవం: డిస్కుల సంఖ్య తగ్గుతుంది, అంతే. పొర మారే చోట బొమ్మ క్షణకాలం ఆగవచ్చు, కంప్యూటర్‌లో రాసిన రెండు పొరల డిస్కును కొన్ని పాత ప్లేయర్లు అసలు చదవవు.

అపోహ: డిస్కు ఏ దేశాల్లో ఆడాలో నిర్ణయించే రీజియన్ కోడ్ తీసేస్తే అమెరికాలోని అబ్బాయి ఇంట్లోనూ ఆడుతుంది.

వాస్తవం: కోడ్ వేరు, మన పాల్‌కూ అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకీ ఉన్న తేడా వేరు. అక్కడి ప్లేయర్లలో చాలా వాటికి పాల్ ఆడదు కనుక, ఆ సెట్టును ఎన్‌టీఎస్‌సీలో మరొకసారి చేయాలి. ఏ సెట్టుకైనా వధూవరుల ఫొటోతో కాగితపు స్టిక్కర్ అంటించకండి, తిరిగేటప్పుడు డిస్కు బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. డిస్కుల మార్కర్‌తో 1/3, 2/3, 3/3 అని రాసుకోండి.