గ్యాసో గుండెపోటో తేల్చడానికి పట్టిన కాలం

గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ఏదైనా ఆసుపత్రి అత్యవసర విభాగం ముందు ఒక రాత్రి కూర్చుంటే ఒకే మాట పలుమార్లు చెవిన పడుతుంది. "గ్యాస్ అనుకున్నామండీ." సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నారనో, పెళ్లి భోజనంలో ఆవకాయ ఎక్కువైందనో ఇంట్లో ఒక కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. మొదట సోడా తాగిస్తారు, తర్వాత ఈనో కలిపి ఇస్తారు, ఆ తర్వాత వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు చేత ఒక ఇంజెక్షన్ చేయిస్తారు, తెల్లవారుజామున మనిషి చెమటలు పట్టి కూలబడితే అప్పుడు ఆటో పిలుస్తారు. దీన్ని జనం అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక, కానీ అది న్యాయం కాదు. గుండెపోటును అజీర్తి అని పొరబడిన చరిత్ర వైద్యశాస్త్రానికే ఉంది. ఆ పొరపాటు నుంచి బయటపడేందుకు వైద్యులు ఒకదాని తర్వాత ఒకటిగా చేర్చుకున్న పరీక్షలే ఇవాళ మన చేతికిచ్చే రిపోర్టులు. వాటిలో ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలియకపోవడం వల్లనే "ఈసీజీ నార్మల్‌గా ఉంది" అన్న ఒక్క మాట విని ఎంతోమంది నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతున్నారు.

పొరపాటుకు మూలం ముందుగా శరీర నిర్మాణంలోనే ఉంది. పిడికిలంత గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటూ, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అయితే తన గదుల నిండా ఉన్న ఆ రక్తం గుండె కండరానికి తిండి పెట్టదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, అంటే బృహద్ధమని, మొదట్లో చీలే రెండు సన్నని రక్తనాళాలు, అంటే కుడి, ఎడమ హృద్ధమనులు, గుండె పైభాగాన పాకుతూ దాన్ని పోషిస్తాయి. వీటిలో ఒక కొమ్మ మూసుకుపోతే దాని కింది కండరం ఊపిరాడక నొప్పి పెడుతుంది. కానీ గుండె నుంచి ఆ కబురు మోసుకెళ్లే నరాలూ, అన్నవాహిక నుంచి, ఛాతీ గోడ నుంచి, ఎడమ చేతి లోపలి వైపు నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే అంతస్తుల్లో ప్రవేశిస్తాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. అందుకే ఒకరికి గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటే మరొకరికి దవడ లాగుతుంది, ఇంకొకరికి వీపులో పట్టేస్తుంది. గుండె అడుగు గోడ విభాజక పటలం మీద, అంటే పొట్టకు సరిగ్గా పైన, ఆని ఉంటుంది. ఎక్కువమందిలో కుడి హృద్ధమని పోషించే ఆ గోడ దెబ్బతిన్నప్పుడు నొప్పి పొట్ట పైభాగాన రావడం, వాంతులు కావడం మామూలు. అలాంటి మనిషి "గ్యాస్" అంటే అబద్ధమాడినట్టు కాదు, తన ఒంటికి తెలిసిందే చెబుతున్నాడు.

నడిస్తే ఛాతీలో బిగపట్టి, ఆగితే తగ్గే నొప్పిని విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు 1768లో లండన్‌లో స్పష్టంగా వర్ణించాడు. అది హృద్ధమనుల జబ్బు అని మాత్రం ఆయనకు తెలియదు. ఆ తర్వాత సుమారు 140 ఏళ్లపాటు, హృద్ధమని హఠాత్తుగా మూసుకుపోతే మనిషి ఆ క్షణమే చనిపోతాడనీ, బతికున్న రోగిలో దాన్ని గుర్తించే ప్రశ్నే లేదనీ ఎక్కువమంది వైద్యులు నమ్మారు. ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించినవాడు షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్. 1912లో ప్రచురించిన వ్యాసంలో ఆయన 55 ఏళ్ల ఒక రోగి కథ చెప్పాడు. భోజనం చేసిన గంటకు ఆ మనిషికి ఛాతీ కింది భాగాన తీవ్రమైన నొప్పి వచ్చింది, వికారం పుట్టింది. తిన్నది పడలేదనుకుని ఆ రోగి గొంతులో వేలు పెట్టుకుని వాంతి చేసుకున్నాడు. రెండు రోజులు దాటాక మరణించాడు. శవపరీక్షలో ఎడమ హృద్ధమనిలో రక్తపు గడ్డ కనిపించింది. ఆ కాలపు మరణ ధృవపత్రాల మీద "తీవ్రమైన అజీర్తి" అన్న మాట మామూలుగా కనిపించేది. షికాగోలో 1912కు ముందు జరిగిన ఈ సంగతిలో వాంతి బదులు సోడా పెడితే అది మన గుంటూరు అరండల్‌పేటలో నిన్న రాత్రి జరిగిన కథే అవుతుంది.

హెరిక్ చెప్పినదాన్ని వెంటనే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కారణం, ఆయన చేతిలో రుజువు చూపే పరికరం లేదు. అప్పటికి గుండె వైద్యానికి ప్రధాన సాధనం స్టెతస్కోపు. 1816లో పారిస్‌లో రెనే లెనెక్, ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదనిపించి కాగితాన్ని గొట్టంలా చుట్టి వినడంతో అది పుట్టింది. కవాటాల జబ్బుకు అది అద్భుతమైన సాధనం. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలయ్యే నాటికి, ఆ తర్వాత చాలా ఏళ్ల వరకూ, మన దేశంలో పెద్దాసుపత్రుల గుండె రోగుల్లో కీళ్లవాతపు జ్వరం వల్ల కవాటాలు చెడిన పిల్లలు, యువకులు, బాలింతలే అధికం. చిన్నతనంలో వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడక, ఇరుకిళ్లలో పెరిగిన పేద కుటుంబాల జబ్బు అది. కవాటం ఇరుకైతే ఒక చప్పుడు, కారితే మరొక చప్పుడు. వాటిని చెవితో పట్టుకోవడం ఆ తరం వైద్యుల ప్రావీణ్యం. కానీ మూసుకుపోయిన హృద్ధమని సాధారణంగా ఏ చప్పుడూ చేయదు. "డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి గుండె బాగుందన్నారు" అని మన పెద్దలు ధైర్యంగా చెప్పుకున్న మాట ఆనాటి జబ్బుకు సరిపోయేదే. జబ్బు మారినా మాట మాత్రం నిలిచిపోయింది.

గుండె విద్యుత్తును కాగితం మీదికి తెచ్చే పని డచ్చి శాస్త్రవేత్త విల్లెం ఐంతోవెన్ చేశాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆయన నిర్మించిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచి కూర్చునేవాడు. యంత్రాన్ని ఆసుపత్రికి మోయలేక, 1905లో ఐంతోవెన్ ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతాన్ని టెలిఫోను తీగల మీదుగా కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నాడు. నేడు పల్లెలోని ఆరోగ్య కేంద్రం నుంచి ఈసీజీ ఫోటో గుంటూరు హృద్రోగ నిపుణుడి ఫోనుకు చేరడం చూసినప్పుడల్లా నాకు ఆ తీగలే గుర్తొస్తాయి. ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఛాతీ మీద పెట్టే తీగలు 1930ల్లో చేరి, 1940ల నాటికి ఇప్పుడు మనం చూసే 12 కోణాల ఈసీజీ స్థిరపడింది.

ఈసీజీ ఆ కొద్ది క్షణాల్లో గుండె గోడల్లో విద్యుత్తు ఎలా ప్రయాణిస్తోందో చూపుతుంది. పెద్ద హృద్ధమని పూర్తిగా మూసుకుపోయి కండరం మందం మొత్తం దెబ్బతింటున్నప్పుడు గీతలో ఒక భాగం గుట్టలా పైకి లేస్తుంది. అది కనిపిస్తే ఇక వేరే పరీక్ష కోసం ఆగనక్కర్లేదు, చికిత్స మొదలుపెట్టవలసిందే. కానీ రక్తనాళం ఒకసారి మూసుకుంటూ మరోసారి తెరుచుకుంటూ ఉంటే, నొప్పి మొదలై ఎక్కువసేపు కాకపోతే, దెబ్బ గుండె వెనుక గోడకు తగిలితే మొదటి ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలనీ, అది మామూలుగా ఉండి నొప్పి కొనసాగుతుంటే 15 నుంచి 30 నిమిషాలకొకసారి మళ్లీ తీయాలనీ, అనుమానం ఉంటే వీపు వైపు కూడా తీగలు పెట్టి చూడాలనీ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మా పెద్దనాన్నగారి విషయంలో ఈ రెండో ఈసీజీయే జరగలేదు. నొప్పి మొదలైన అరగంటకే ఆయన్ని దగ్గరలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకువెళ్లాం. ఒక ఈసీజీ తీసి, బాగానే ఉందని చెప్పి, గ్యాస్ బిళ్లలు రాసి పంపించారు. తెల్లవారి మరోచోట తీసిన ఈసీజీలో గుట్టలు స్పష్టంగా కనిపించాయి. మేమైనా ఇంకొకసారి తీయమని అడగలేదే అన్న బాధ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అడగవచ్చని మాకు తెలియదు.

ఈసీజీ చూపలేని చోట రక్తపరీక్ష పనికొస్తుంది. చనిపోతున్న గుండె కణాల నుంచి కారే పదార్థాలను రక్తంలో కొలవవచ్చని 1954లో న్యూయార్క్ పరిశోధకులు చూపారు. వారు కొలిచిన ఎంజైము కాలేయం చెడినా పెరిగేది. ఆ లోపాన్ని తీరుస్తూ, గుండె కండరానికే ప్రత్యేకమైన ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి 1980ల చివర వచ్చింది. 2000 నాటికి గుండెపోటు నిర్వచనంలోనే దానికి కేంద్రస్థానం దక్కింది. పాత పద్ధతుల్లో ట్రోపోనిన్ పెరుగుదల తెలియడానికి నొప్పి మొదలయ్యాక 3 నుంచి 6 గంటలు పట్టేది. ఇప్పటి సున్నితమైన పద్ధతులు ఆ వ్యవధిని తగ్గించినా, గంటల తేడాతో రెండుసార్లు కొలిచి విలువ ఎటు కదులుతోందో చూడడమే సరైన పద్ధతి. నొప్పి వచ్చిన గంటలో తీసిన ఒక్క రక్తపరీక్షతో ముగించడం, ఒక్క ఈసీజీతో ముగించినట్టే.

రక్తనాళాన్ని కంటితో చూడాలన్న కోరిక ఒక సాహసంతో మొదలైంది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. ఆ పనికి మందలింపులు ముందు వచ్చాయి, నోబెల్ 1956లో వచ్చింది. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ వేరే పరీక్ష చేస్తుండగా రంగు మందు పొరపాటున రోగి కుడి హృద్ధమనిలోకి వెళ్లింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగినా వెంటనే తేరుకుంది, రక్తనాళం మాత్రం తెర మీద చక్కగా కనిపించింది. నేడు "యాంజియో" అని మన ఇళ్లల్లో పిలిచే పరీక్షకు అదే ఆరంభం. అయినా గడ్డ గుండెపోటుకు కారణమా, లేక గుండెపోటు వచ్చాక ఏర్పడుతుందా అన్న వాదం మరో రెండు దశాబ్దాలు సాగింది. 1980లో అమెరికాలో డివుడ్ బృందం, నొప్పి మొదలైన 4 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేసినవారిలో 87 శాతం మందికి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉందని చూపాక ఆ వాదం సద్దుమణిగింది. 1986లో ఇటలీలో 11 వేలమందికి పైగా రోగులతో జరిగిన పరీక్షలో, గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ వల్ల మరణాలు తగ్గాయని, మొదటి గంటలోనే ఇస్తే దాదాపు సగానికి తగ్గాయని తేలింది. సోడా తాగించి చూసే గంట ఈ లెక్కలోదే.

"పోయిన నెలలోనే ట్రెడ్‌మిల్ చేయించాం, బాగుందన్నారు, అయినా పోటు ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న హృద్రోగ నిపుణుల గదుల్లో కోపంగా వినిపిస్తుంది. జవాబు రక్తనాళం గోడలో ఉంది. నడిపించి చూసే పరీక్ష, శ్రమ పడినప్పుడు రక్తం చాలనంతగా ఇరుకైన చోటునే పట్టుకుంటుంది. గుండెపోటు చాలాసార్లు అంత ఇరుకులేని చోట, గోడలో కొవ్వు పేరుకున్న మెత్తని దిబ్బ పైపొర హఠాత్తుగా చిట్లి, దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. నిన్నటిదాకా దారి సగానికి పైగా తెరిచే ఉండి ఉండవచ్చు. కాబట్టి ట్రెడ్‌మిల్ ఫలితం రేపటికి పూచీ కాదు, నొప్పితో ఉన్న మనిషికి ఆ పరీక్ష చేయించడం ప్రమాదకరం కూడా. ఎకో సంగతి వేరు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్స్ అనే ఇద్దరు, లోహంలో పగుళ్లు వెతికే శబ్దతరంగాల యంత్రాన్ని గుండె మీద పెట్టి చూడడంతో అది మొదలైంది. గోడల కదలికనూ, పంపు శక్తినీ అది చూపుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం పంపే గుండె కింది గది, ప్రతి కొట్టుకోలుకూ తనలోని రక్తంలో 55 శాతం లేదా అంతకు మించి బయటికి పంపుతుంది. మా పెద్దనాన్నగారి రిపోర్టులో ఆ అంకె 35. ఆయన బతికారు, కానీ రెండో అంతస్తు మెట్లు మళ్లీ ఎక్కలేదు.

మన ప్రాంతంలో జబ్బు స్వరూపం మారిన సంగతి రికార్డులకెక్కే ఉంది. 2003, 2004 ప్రాంతంలో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను నమోదు చేసిన అధ్యయనంలో సుమారు మూడోవంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. నగరాల జబ్బు అనుకున్నది అప్పటికే వరిచేల మధ్యకు వచ్చేసింది. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం, దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు ఇతరులకన్నా సుమారు 5, 6 ఏళ్లు ముందుగా వస్తోందని చూపింది. పొగ, చక్కెర, రక్తపోటు, చెడు కొవ్వు, నడుము చుట్టూ పెరిగే లావు ప్రధాన కారణాలుగా తేలాయి. వసతులూ మారాయి. 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద కుటుంబాలకూ యాంజియో, మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు అందుబాటులోకి వచ్చాయి. 2016లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి శస్త్రచికిత్స కూడా చేసింది. 2023లో మొదలైన ప్రభుత్వ పథకంలో గుంటూరు పెద్దాసుపత్రి ఒక కేంద్రమై, చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల్లో తీసిన ఈసీజీలను నిపుణులు దూరం నుంచే చూసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇప్పించే ఏర్పాటు వచ్చింది.

ఈ గొలుసు మొత్తం ఈసీజీతో మొదలవుతుంది. ఈసీజీ దాకా రావడం మాత్రం ఇంటివాళ్ల చేతుల్లో ఉంది. మే నెలలో విజయవాడలో అందరికీ చెమటే కాబట్టి గుండెపోటు చల్లటి చెమటను ఎండకు అంటగట్టడం ఎంత సులువో చెప్పనక్కర్లేదు. చక్కెర జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవారిలో నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు, వట్టి ఆయాసమే రావచ్చు. ఆడవారిలో నీరసం, వికారం, వీపు నొప్పి ముందుకు వచ్చి, అసలు సంగతి మరుగున పడడం ఎక్కువ. సోడా తాగాక త్రేన్పు వచ్చి కాస్త తేలికపడినా అది గుండెపోటు కాదని రుజువు కాదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌కు తగ్గినంత మాత్రాన అది గుండె నొప్పేనని కూడా తేలిపోదు, ఎందుకంటే అన్నవాహిక పట్టేసినా ఆ బిళ్లకు సడలుతుంది. అత్యవసర విభాగంలో వైద్యుడు ముందుగా అడిగేది నొప్పి ఎన్ని గంటలకు మొదలైందని. గడ్డ కరిగించే మందు ఇవ్వాలా, నేరుగా స్టెంటుకు తీసుకువెళ్లాలా, ట్రోపోనిన్ మళ్లీ ఎప్పుడు చూడాలా అన్నవన్నీ ఆ గడియారం మీదే ఆధారపడతాయి. ఆ ప్రశ్నకు ఎక్కువగా వచ్చే జవాబు "రాత్రి అన్నం తిన్న దగ్గర్నుంచీ అండీ" అనే.