పామాయిల్ తోటలు, అడవులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఉంటూ నూజివీడు, బాపులపాడు వైపు పామాయిల్ రైతులకు సలహాలిస్తుంటాను. నా పని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: "అడవులు నరికించే పంట కదండీ అది?" అందులో నిజం ఉంది. దాన్ని అంటిపెట్టుకుని కొన్ని అపోహలూ ఉన్నాయి.

అపోహ: మనం పామాయిల్ మానేస్తే అడవులు మిగులుతాయి.

ప్రపంచ పామాయిల్‌లో 80 శాతానికి పైగా ఇండోనేషియా, మలేషియాల్లోనే తయారవుతుంది. దీనికోసం సుమత్రా, బోర్నియో అడవులు భారీగా పోయాయి. కానీ హెక్టారుకు ఏడాదికి పామాయిల్ 3 టన్నుల దాకా నూనె ఇస్తే, సోయా అర టన్ను దగ్గరే ఆగిపోతుంది. బజ్జీల బండి నుంచి బిస్కెట్ ఫ్యాక్టరీ దాకా అందరూ సోయాకి మారితే ఎన్నో రెట్లు భూమి కావాలి. అందుకే నూనె పేరు కంటే ముందు, తోట వేయకముందు ఆ నేలలో ఏముండేదో అడగాలి.

అపోహ: మన తోటలూ అడవి కొట్టి వేసినవే.

మా వైపు చాలావరకు అప్పటికే సాగులో ఉన్న పొలాల్లోనే వేశారు. మన సమస్య నీళ్లు. వేసవిలో ఎదిగిన చెట్టుకు రోజుకు 200 లీటర్లు కావాలి, ఎకరాకు 57 చెట్లు. లెక్క వేస్తే బోరు మీద పడే భారం తెలుస్తుంది. కొట్టిన మట్టలు తగలబెట్టకుండా చెట్ల వరసల మధ్య పరిచిన తోటలో, వాటిని ఎత్తి చూడండి. ఏప్రిల్‌లో కూడా కింద మట్టి చేతికి తడిగా తగులుతుంది.

అపోహ: దిగుబడి పెరిగితే అడవి దానంతట అదే మిగులుతుంది.

మా రంగంలోనూ ఈ మాట నమ్మేవాళ్లున్నారు. లాభం వచ్చే పంటని ఇంకాస్త వేద్దామనే ఏ రైతుకైనా అనిపిస్తుంది. గట్టి హద్దు లేకపోతే ఆ లాభమే అడవిలోకి దారి చూపిస్తుంది. ఇండోనేషియా గొడ్డలి పడని అడవుల్లో, పీట్ నేలల్లో కొత్త అనుమతులు 2011లో ఆపి, 2019లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. పీట్ అంటే ఆకూ కొమ్మా వేల ఏళ్లుగా నీళ్లలో పేరుకున్న నేల. కాలువలు తవ్వి ఎండబెడితే నిప్పంటుకుంటుంది. 2015లో ఆ పొగ సింగపూర్‌ని కమ్మేసింది.

అపోహ: తోట కూడా పచ్చదనమే, అడవితో సమానం.

కాదు. ఒకే రకం చెట్లున్న తోటలో అడవి జీవాలు చాలావరకు బతకలేవు.

అపోహ: నిబంధనలు పెడితే చిన్న రైతు మునిగిపోతాడు.

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఇండోనేషియా తోటల్లో దాదాపు 40 శాతం చిన్న రైతులవే. 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన అడవి భూమిలో పండిన పామాయిల్, కాఫీ, కోకో, రబ్బరు తమకు వద్దంటూ యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. దాని అమలు వాయిదా పడుతూ వచ్చింది. పొలం ఎక్కడుందో మ్యాపుతో చూపించాలి. నా ఉద్దేశంలో ఆ ఖర్చు కొనే కంపెనీలే పెట్టుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు ముసలి తోటలది. పాతికేళ్లు దాటిన చెట్లు తీసి కొత్త మొక్క నాటితే మూడు, నాలుగేళ్లు గెల చేతికి రాదు. మన రైతులు ఆ మధ్యకాలంలో అరటి, మొక్కజొన్న, కూరగాయలు వేసుకుని నెట్టుకొస్తారు. అడవి అంచున ఉన్న రైతుకు ఆ అంతర పంట, తక్కువ వడ్డీకి అప్పు దొరికితే, పాత తోటలోనే కొత్త మొక్క నాటుకుంటాడు.