గాలిమర వెనక గాలి నీడ

కళ్లంలో ఇద్దరు కలిసి వడ్లు తూర్పారబడుతుంటే గాలికి అడ్డంగా, పక్కపక్కన నిలబడతారు. ఒకరి వెనక ఒకరు నిలబడితే ముందటి మనిషి చేటలోంచి లేచిన పొట్టంతా వెనక మనిషి ముఖాన పడుతుంది. బాయికాడ కరెంటు ఇచ్చే ఒక చిన్న గాలిమర తిరుగుతుండగా రెండోది నిలబెట్టాలన్నా లెక్క ఇదే. కాకపోతే ఇక్కడ వెనక్కి వచ్చేది పొట్టు కాదు, సత్తువ పోయిన గాలి.

రెక్కలు గాలిలోని శక్తిని లాక్కుంటాయి కాబట్టి వాటి వెనక గాలి నెమ్మదిస్తుంది, సుడులు తిరుగుతుంది. మర నుంచి దూరం పోయేకొద్దీ ఈ గాలి నీడ వెడల్పవుతూ, పక్క గాలి వచ్చి కలుస్తుంటే పలచబడుతుంది. ఎంత దూరంలో ఎంత పలచబడుతుందో చెప్పే తేలికైన సూత్రాన్ని 1983లో డెన్మార్క్‌కు చెందిన జెన్సెన్ ఇచ్చాడు. రెక్కలు గీసే వృత్తం వ్యాసం 2 మీటర్లనుకుందాం. ఆ సూత్రం ప్రకారం సరిగ్గా వెనక 4 మీటర్ల దూరంలో గాలి వేగం మూడో వంతు తగ్గుతుంది. 10 మీటర్లకు 18 శాతం, 20 మీటర్లకు 9 శాతం, 30 మీటర్లకు 5 శాతం లోటు మిగులుతుంది.

పద్దెనిమిది శాతమే కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి, అంటే వేగం × వేగం × వేగం లెక్కన మారుతుంది. వేగం 18 శాతం తగ్గితే కరెంటు దాదాపు 45 శాతం పోతుంది. 4 మీటర్ల దూరంలో అయితే 70 శాతం పోయినట్టే. 20 మీటర్ల దూరంలో కూడా పావు వంతు నష్టం. అందుకే గాలి వెంబడి ఒకదాని వెనక ఒకటి పెట్టక తప్పకపోతే కనీసం 10 వ్యాసాల ఎడం కావాలి, 15 ఉంటే మేలు.

నల్లగొండ, పాలమూరు వైపు మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇక్కడ గట్టిగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పడమర–నైరుతి మధ్య నుంచి. చలికాలంలో వీచే నెమ్మది గాలి ఇంచుమించు దానికి ఎదురు దిక్కు నుంచే వస్తుంది. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా, ఉత్తరపు కొస కాస్త పడమరకు జరిగేలా వరుస పెడితే రెండు కాలాల్లోనూ ఒకదాని నీడ ఇంకోదాని మీద పడదు. ఏప్రిల్, మే ఈదురుగాలులు ఏ దిక్కు నుంచైనా రావచ్చు కానీ, అప్పుడు మరను ఎలాగూ ఆపేసే ఉంచాలి.

వరుసలో పక్కపక్కన ఎంత ఎడం ఉండాలి? గాలి కోసమైతే 3 వ్యాసాలు, అంటే 6 మీటర్లు చాలు. అంత దగ్గరగా పెట్టనివ్వనివి స్తంభాన్ని చుట్టూ లాగి పట్టే స్టే వైర్లు. 18 మీటర్ల పైపు స్తంభానికి స్టే వైర్ల గుంతలు మొదలు నుంచి 9 నుంచి 13 మీటర్ల దూరంలో పడతాయి. రెండు స్తంభాల వైర్లు ఒకదానికొకటి తగలకూడదంటే మధ్యలో 20 మీటర్ల పైనే కావాలి. గ్రీజు పెట్టడానికి, రెక్క మార్చడానికి స్తంభాన్ని పడుకోబెట్టాల్సి వస్తుంది కనుక రెండూ వరుసకు అడ్డంగా ఒకే వైపు పడేలా అమర్చుకోవాలి. పడుకున్న స్తంభం కొస కరెంటు లైనుకు అందనంత దూరం తప్పనిసరి. నేల సంగతీ చూసుకోవాలి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, స్టే వైర్లు వదులవుతాయి. ఏడాదికి రెండుసార్లు టర్న్‌బకిల్ (తిప్పితే వైరు బిగిసే బిగింపు) బిగించాలి. చెలక భూమిలో ఆ బాధ తక్కువ.

నిజానికి పక్క మర కన్నా చింతచెట్టే పెద్ద శత్రువు. అడ్డంకి ఎత్తుకు 20 రెట్ల దూరం దాకా దాని వెనక గాలి చెదిరి ఉంటుంది. 4 మీటర్ల బత్తాయి తోట అయితే 80 మీటర్లు, 12 మీటర్ల వేపచెట్టయితే 240 మీటర్లు. చెదిరిన గాలిలో మర తోక నిలకడగా ఉండదు. మర అటూ ఇటూ కొట్టుకుంటుంది, బేరింగు అరుగుతుంది, రెక్క మొదట్లో పగులు మొదలవుతుంది. దీనికి ఉపాయం ఎత్తే. చుట్టూ 150 మీటర్లలో ఉన్న అన్నిటికన్నా రెక్కల కింది కొస 9 మీటర్లు పైన ఉండాలి. డాబా మీద చిన్న రాడ్డుకు మర బిగించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకుంటే ఆ డబ్బులతో సోలార్ పలకలు కొనుక్కుంటారు.

గాలి చెదిరిందో లేదో ముందే చూడొచ్చు. ఆషాఢంలో ఓ మధ్యాహ్నం గాలిపటం దారానికి మీటరుకొకటి చొప్పున పాత చీర పీలికలు, మూర పొడవువి, కట్టి ఎగరేయండి. పీలిక సాఫీగా చాచుకుని ఉన్న ఎత్తులో గాలి బాగున్నట్టు. మెలికలు తిరుగుతూ టపటప కొట్టుకుంటున్న ఎత్తులో మర పెట్టకండి.

ఎడం పెరిగితే కేబులు ఖర్చూ పెరుగుతుంది. 48 వోల్టుల మీద 1 కిలోవాట్ అంటే 21 ఆంపియర్లు. 50 మీటర్ల దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 4 వోల్టుల దాకా దారిలోనే పోతుంది. అదే 24 వోల్టులయితే 8 వోల్టులు, అంటే మూడో వంతు. ఇంకో తప్పు చాలామంది చేస్తారు: రెండు మరల నుంచి వచ్చే మూడేసి ఏసీ తీగలను నేరుగా కలిపేస్తారు. రెండూ ఒకే వేగంతో తిరగవు కాబట్టి ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి పోయి కాయిల్ కాలుతుంది. ఒక్కో మరకు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయరు వేరేగా పెట్టి, డీసీ అయ్యాకే కలపాలి. బ్యాటరీ నిండినప్పుడు మిగులు కరెంటును మింగే డంప్ లోడు కూడా రెండింటికీ చాలినంత ఉండాలి. లేకపోతే లోడు తప్పిన రెక్కలు అదుపు లేకుండా తిరుగుతాయి.

స్థలం చాలనివాళ్లకు రెండో మర అసలు అవసరమే లేకపోవచ్చు. 2 మీటర్ల మరలు రెండింటి వైశాల్యం 2.8 మీటర్ల మర ఒక్కటే ఇస్తుంది. స్తంభం ఒకటే, గుంతలు ఒక్క సెట్టే. స్తంభం మాత్రం ఆ బరువుకు, ఆ తోపుకు తగ్గట్టు ఉండాలి.

ఇప్పటికే రెండు పెట్టుకుని వెనకది సరిగా తిరగట్లేదన్న అనుమానం ఉంటే, పడమటి గాలి మరీ గట్టిగా కాకుండా నిలకడగా వీస్తున్న పూట ముందు మరను బ్రేకు స్విచ్చుతో పది నిమిషాలు ఆపండి. వెనక మర ఎంత కరెంటు ఇస్తోందో చూపే ఆమ్మీటరు చూస్తూ ఉండండి. తర్వాత ముందుదాన్ని మళ్లీ వదలండి. గాలి హెచ్చుతగ్గుల వల్ల మోసపోకుండా ఇలా నాలుగైదుసార్లు చేయండి. ఆపిన ప్రతిసారీ ముల్లు పైకి లేస్తే, నీడ దాని మీదే పడుతోంది.