ప్రాణభయంతో చేసిన హత్య: 1997 నాటి తీర్పు, ఒంగ్వెన్ శిక్ష

చిన్నతనంలో అపహరణకు గురై, పెద్దయ్యాక అదే తిరుగుబాటు దళంలో కమాండరైన ఉగాండా వాసి డొమినిక్ ఒంగ్వెన్‌కు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) వేసిన 25 ఏళ్ల శిక్ష సబబేనా అన్న వాదన మళ్లీ రాజుకుంది. పై అధికారి ఆజ్ఞ అన్న సాకు నాజీ నేతలను విచారించిన నూరెంబర్గ్‌లోనే చెల్లలేదన్నది తెలిసిన సంగతే. ఆజ్ఞ కాదంటే తన ప్రాణమే పోయే మనిషి సంగతేమిటన్న ప్రశ్నకు మాత్రం 1997 అక్టోబర్ 7న హేగ్‌లో మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పునే ఆశ్రయించాలి.

బోస్నియా యుద్ధంలో స్రెబ్రెనిత్సా పట్టణం వద్ద పట్టుబడిన ముస్లిం పురుషులను 1995 జులై 16న బస్సుల్లో బ్రాన్యెవో పొలానికి తెచ్చి, పదేసి మందిని దించి, వెనక్కి తిప్పి నిలబెట్టి కాల్చారు. కాల్చిన బోస్నియా సెర్బు సైన్యపు సైనికుల్లో 23 ఏళ్ల డ్రాజెన్ ఎర్దెమోవిచ్ ఒకడు. మొదట కాదన్నానని, అంత జాలిగా ఉంటే వెళ్లి వాళ్ల వరుసలోనే నిలబడమన్నారని, ఇంట్లో భార్య, పసిబిడ్డ ఉన్నారని అతడు కోర్టుకు చెప్పుకున్నాడు. సుమారు 70 మందిని చంపి ఉంటానన్న లెక్కా అతడు చెప్పిందే.

అమాయకులను చంపిన సైనికుడికి ప్రాణభయం శిక్ష తగ్గింపుకే తప్ప విముక్తికి పనికిరాదని ట్రిబ్యునల్ అప్పీలు చాంబర్ 3-2 తేడాతో తేల్చింది. భిన్నాభిప్రాయం రాసిన జడ్జి ఆంటోనియో కాసెసె వాదన లోతైనది. ప్రాణభయం వాదన నుంచి హత్యను మినహాయించే నియమం ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయానిదే తప్ప ప్రపంచమంతా ఒప్పుకున్నది కాదన్నారు. (మన పాత శిక్షాస్మృతి 94వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపే ఉండేది.) నిరాకరించినా బాధితులు ఎలాగూ ఇతరుల చేతుల్లో చనిపోయేవారే అయినప్పుడు, చట్టం మామూలు మనిషి నుంచి ఆత్మబలిదానాన్ని కోరరాదన్నారు. ఎర్దెమోవిచ్‌కు మొదట పడిన పదేళ్ల శిక్ష 1998 మార్చిలో అయిదేళ్లయింది.

నాలుగు నెలలకే కుదిరిన రోమ్ శాసనం (ఐసీసీని ఏర్పరిచిన ఒప్పందం) 31వ అధికరణంలో, ప్రాణభయం వాదన హత్యకు చెల్లదన్న ప్రత్యేక మినహాయింపు పెట్టలేదు. ముంచుకొచ్చిన ప్రాణాపాయం ఉండాలి, దాన్ని తప్పించుకోవడానికి చేసిన పని అవసరమైనదీ సమంజసమైనదీ కావాలి, తప్పించుకోదలచిన హాని కన్నా పెద్ద హాని తలపెట్టి ఉండకూడదు అన్న షరతులతో తలుపు తెరిచి ఉంచింది.

ఒంగ్వెన్ లాయర్లు ఆ తలుపే తట్టారు. కానీ నేరాలు జరిగిన 2002-2005 మధ్య అతడు పెత్తనం చెలాయించిన కమాండరేనని, తక్షణ ప్రాణాపాయం ఏదీ లేదని, పారిపోయే వీలూ ఉండేదని 2021 ఫిబ్రవరిలో ఐసీసీ జడ్జీలు నిర్ధారించగా, 2022 డిసెంబర్‌లో అప్పీలు చాంబర్ దాన్ని ఖాయం చేసింది. బాల్యంలో జరిగిన అపహరణను మాత్రం శిక్ష ఖరారులో లెక్కలోకి తీసుకున్నారు.