అమెరికా ఐఫోన్‌లో మన సిమ్ ఎందుకు పనిచేయదు: నెట్‌వర్క్ లాక్ అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. సంక్రాంతి దాటిందంటే చాలు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు ఇచ్చిపోయిన ఐఫోన్లు పట్టుకుని కావలి నుంచి, కోవూరు నుంచి, అటు కందుకూరు వైపు నుంచి కూడా పెద్దవాళ్లు వస్తారు. ఫోన్ తళతళలాడుతూ ఉంటుంది, మన సిమ్ వేస్తే మాత్రం 'సిమ్ నాట్ సపోర్టెడ్' అని వస్తుంది. ఫోన్ అమ్మిన కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా వేసిన నెట్‌వర్క్ లాక్ అది. లాక్ తీస్తామని చెప్పి వీళ్ల దగ్గర వేలకు వేలు గుంజేవాళ్లను చూస్తే కడుపు మండిపోతుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొట్టిస్తే లాక్ పోతుంది.

పోదు. ఐఫోన్ ఏ నెట్‌వర్క్‌కి కట్టుబడి ఉందన్న సంగతి ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోన్‌కి ఒక్కటిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు) సహా ఆపిల్ సర్వర్లలో ఉంటుంది. మీరు ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా, ఫోన్ మళ్లీ యాక్టివేట్ అయ్యేటప్పుడు ఆ సర్వర్‌నే అడుగుతుంది, అది మళ్లీ పాత జవాబే చెబుతుంది. ఆ జవాబు మార్పించగలిగేది ఫోన్‌ని లాక్ చేసి అమ్మిన నెట్‌వర్క్ కంపెనీ ఒక్కటే. ఆపిల్ వాళ్లని అడిగినా, మీ నెట్‌వర్క్ కంపెనీని అడగండి అనే చెబుతారు. కాబట్టి అన్నా, నా దగ్గరికి వచ్చినా, చెన్నై వెళ్లి పెద్ద షాపులో ఇచ్చినా చివరికి పని అమెరికాలో జరగాల్సిందే. మీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పండి, అది మీకు ఖర్చులేని దారి.

అపోహ: వాయిదాలు కట్టేశాక లాక్ దానంతటదే ఊడిపోతుంది.

అక్కడ ఫోన్లు ఎక్కువగా నెలవారీ వాయిదాల మీద ఇస్తారు, ఆ బాకీ తీరేదాకా మనిషి వేరే కంపెనీకి పోకుండా ఈ లాక్. బాకీ తీరడం మొదటి షరతు మాత్రమే. దొంగిలించిన ఫోన్ అని నమోదై ఉండకూడదు, కొన్నాళ్లు అదే నెట్‌వర్క్‌లో వాడి ఉండాలి. అమెరికా నెట్‌వర్క్ కంపెనీల్లో ఏటీ అండ్ టీలో ఇది 60 రోజులు, టీ-మొబైల్ నెలవారీ బిల్లు కనెక్షన్లకు 40 రోజులు. ప్రీపెయిడ్ అయితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఏటీ అండ్ టీలో అయితే వాళ్ల వెబ్‌సైట్లో ఐఎంఈఐ ఇచ్చి దరఖాస్తు పెట్టాలి, తర్వాత మెయిల్‌కి వచ్చే లింకును 24 గంటల్లోపు నొక్కాలి. చాలామంది ఆ మెయిల్ చూసుకోరు, దరఖాస్తు రద్దయిపోతుంది, 'పెట్టాం కానీ రాలేదు' అంటారు. ఆమోదం వచ్చాక వేరే కంపెనీ సిమ్ వేసి వైఫైకి కలపండి. అప్పటికీ తీసుకోకపోతే డేటా బ్యాకప్ పెట్టుకుని ఫోన్‌ని పూర్తిగా ఎరేజ్ చేసి మళ్లీ సెటప్ చేయండి. రీసెట్ పనికొచ్చేది ఈ చివరి మెట్టులోనే.

అపోహ: సిమ్ కింద చిప్ పెడితే జన్మకి సరిపోతుంది.

ఆర్-సిమ్ అనే ఆ పల్చటి చిప్ లాక్ తీయదు, ఫోన్‌ని మభ్యపెడుతుంది అంతే. ఒక్క అప్‌డేట్ వచ్చిందంటే సిగ్నల్ పోయి మళ్లీ మొదటికొస్తుంది. పైగా అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ ట్రేనే లేదు, చిప్ ఎక్కడ పెడతారు? వాటిలో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) ఒక్కటే దారి. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తాయి కానీ నెట్‌వర్క్ లాక్ ఈ-సిమ్‌కి కూడా వర్తిస్తుంది.

అపోహ: అన్‌లాక్ చేయించడం నేరం.

కానే కాదు. అమెరికాలోనే 2014 ఆగస్టులో దీన్ని అనుమతిస్తూ చట్టం చేశారు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి లాక్ వేసి అమ్మడమే మాన్పించారు, అందుకే అక్కడి కొత్త ఫోన్లతో ఈ గొడవ ఉండదు. అసలు నేరం వేరే ఉంది. 'ఐఎంఈఐ మార్చేస్తాం, లాక్ పోతుంది' అని ఎవరైనా అంటే ఫోన్ తీసుకుని వచ్చేయండి. మన టెలికాం చట్టం 2023 ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

అపోహ: లాక్ అంటే ఏదైనా ఒకటే.

పీయూకే (సిమ్ పిన్ పదేపదే తప్పు కొడితే అడిగే కోడ్) అడిగితే అది సిమ్ లాక్, మీ సిమ్ కంపెనీ కోడ్ ఇస్తుంది. పాత ఓనరు ఆపిల్ ఐడీ అడిగితే అది యాక్టివేషన్ లాక్, ఆ ఓనరునే పట్టుకోవాలి. జియోభారత్ ఫోన్ ఎయిర్‌టెల్ సిమ్ తీసుకోకపోతే టెన్షన్ పడి రిపేరుకు తేవద్దు, అది జియో సిమ్‌కే తయారైంది.

సెకండ్ హ్యాండ్‌లో ఐఫోన్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడండి. *#06# కొట్టి వచ్చిన 15 అంకెల నంబరు చూసుకుని, ఇంగ్లిషులో KYM అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పెడితే, ఆ ఫోన్ బ్లాక్ లిస్టులో ఉందేమో కూడా తెలుస్తుంది. అమ్మేవాడు ఈ రెండూ చూడనివ్వకపోతే ఆ ఫోన్ కొనొద్దు.