ఆన్‌లైన్ ఆటల్లో హ్యాక్‌లు ఎందుకు పోవు? అపోహలు – వాస్తవాలు

ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పసిగట్టే వ్యవస్థలు తయారుచేయడం నా వృత్తి. మాది ఒడిశాలోని బరంపురం. నేను ఊళ్లో ఉంటే మా వీధి పిల్లలే కాదు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన చుట్టాల పిల్లలు కూడా నన్ను నిలదీసే ప్రశ్న ఒకటే: “అన్నయ్యా, కోట్లు సంపాదించే కంపెనీలు ఈ హ్యాక్‌లను ఎందుకు ఆపలేకపోతున్నాయి?” వాళ్ల కోపం న్యాయమైనదే. రాత్రులు మేలుకొని నేర్చుకున్న గురిని ఒక దొంగ ప్రోగ్రాము క్షణంలో ఓడిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. అయితే ఆ మంటలో పుట్టిన కొన్ని నమ్మకాలు నిజాయతీగా ఆడేవాళ్లకే చేటు చేస్తున్నాయి.

అపోహ: కంపెనీ గట్టిగా తలచుకుంటే ఒక్క రోజులో అన్నీ పోతాయి.

వాస్తవం: అలా తలచుకున్న కంపెనీ ఉంది. రూన్‌స్కేప్ ఆటను నడిపే బ్రిటన్ సంస్థ జాగెక్స్ 2011 అక్టోబరులో ఒకే దెబ్బకు దాదాపు 15 లక్షల బాట్ ఖాతాలను మూసేసింది. మనిషి అక్కర లేకుండా వాటంతట అవే ఆడుతూ ఆటలోని బంగారాన్ని పోగుచేసే ప్రోగ్రాములవి. కొంతకాలానికి కొత్త బాట్లు వచ్చేశాయి. ఆ బంగారాన్ని అసలు డబ్బు పెట్టి కొనేవాళ్లు ఉన్నంతకాలం బాట్లు రాసేవాళ్లూ ఉంటారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు ఆట నిర్మాణంలోనే ఉంది. ఆటలో కొంత భాగం కంపెనీ సర్వర్లో, అంటే ఆటగాళ్లందరినీ కలిపే కంప్యూటర్లో నడుస్తుంది, మిగతాది ఆటగాడి ఫోనులోనో కంప్యూటర్లోనో నడుస్తుంది. ఎవరింట్లో వాళ్లు తలుపులు వేసుకుని రాసే పరీక్షలాంటిది ఇది. మా చేతికి వచ్చేది జవాబుపత్రం మాత్రమే. దాన్ని చూసి రాసింది సొంతంగానా, చూచిరాతా అని తేల్చాలి.

సర్వర్ తన దగ్గరే ఉంచుకున్న లెక్కలను బాగానే కాపాడుకోగలదు. ఎన్ని తూటాలు మిగిలాయి, ఎంత ప్రాణం ఉంది, ఒక్క సెకనులో ఎంత దూరం పరుగెత్తవచ్చు అన్నవి అలాంటివి. గోడ వెనక దాక్కున్న ప్రత్యర్థిని చూపించే వాల్‌హ్యాక్ దగ్గరే ఇబ్బంది. అతను ఎక్కడున్నాడో మీ ఫోనుకు ముందే తెలియాలి. ఎందుకంటే బరంపురం నుంచి ముంబైకి గీత గీసినట్టు పోయినా దాదాపు 1,250 కిలోమీటర్లు. ఫైబరు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ముంబైలో సర్వర్ ఉందనుకుంటే, సంకేతం వెళ్లి రావడానికే కనీసం 12 మిల్లీసెకన్లు కావాలి. నిజానికి తీగలు వంకర దారుల్లో పోతాయి, మధ్యలో టవర్లూ రౌటర్లూ ఉంటాయి, కాబట్టి పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి నిజంగా పట్టే సమయం) అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ప్రత్యర్థి గోడ దాటి బయటికి వచ్చాకే సర్వర్ ఆ కబురు పంపితే, అతను మీ తెరమీద శూన్యంలో నుంచి ఊడిపడతాడు. అందుకే కాస్త ముందుగా పంపాలి. ఆ ‘కాస్త ముందు’నే వాల్‌హ్యాక్ దొంగిలిస్తుంది. వాలొరాంట్ అనే తుపాకుల ఆటను తయారుచేసిన రయట్ సంస్థ ఈ సమాచారాన్ని వీలైనంత ఆలస్యంగా పంపే పద్ధతి పెట్టింది. దానివల్ల దొంగిలించడానికి దొరికేది బాగా తగ్గింది. పూర్తిగా లేకుండా చేయడం ఏ సర్వర్‌కూ సాధ్యం కాదు.

అపోహ: బలమైన యాంటీచీట్ (మోసాన్ని పట్టే ప్రోగ్రాము) పెడితే చాలు.

వాస్తవం: అదే రయట్ సంస్థ 2020లో వాన్‌గార్డ్‌ను తెచ్చింది. కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచే, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరలో కాపలా కాసే ప్రోగ్రామది. చాలా మోసాలను అది ఆపింది. దాంతో మోసగాళ్లు ఆ కంప్యూటర్నే వదిలి బయటికి వెళ్లారు. ఒక ప్రత్యేకమైన కార్డును ఆట నడిచే కంప్యూటర్‌కు తగిలించి, దాని మెమరీని పక్కనున్న ఇంకో కంప్యూటర్‌తో చదువుతారు. ఇంకొందరు తెరమీది దృశ్యాన్ని వేరే యంత్రానికి పంపి, అక్కడ మనిషి ఆకారాన్ని గుర్తించే ప్రోగ్రాముతో మౌసును కదిలిస్తారు. అప్పుడు ఆట ఉన్న కంప్యూటర్‌ను ఎంత గాలించినా మోసపు ప్రోగ్రాము కనిపించదు. ఆడిన తీరు ఒక్కటే మాకు మిగిలే సాక్ష్యం.

అపోహ: రిపోర్ట్ కొట్టిన వెంటనే ఐడీ (ఆట ఖాతా) బ్యాన్ కాలేదంటే కంపెనీ హ్యాకర్లతో కుమ్మక్కయింది.

వాస్తవం: ఆలస్యం చాలాసార్లు కావాలని చేసేదే. ఈరోజు హ్యాక్ వాడినవాడిని ఈరోజే తీసేస్తే, ఏ మార్పువల్ల దొరికిపోయాడో దాన్ని అమ్మినవాడికి వెంటనే అర్థమవుతుంది. సాయంత్రానికి సరిచేసుకుంటాడు. అందుకే వారాలపాటు పేర్లు పోగుచేసి ఒకేసారి తీసేస్తారు.

రెండో కారణం నా మనసుకు ఇంకా దగ్గరది. లక్ష మంది ఆడుతున్నారనీ, వాళ్లలో 1,000 మంది మోసగాళ్లనీ అనుకోండి. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష నా దగ్గర ఉందనుకోండి. మోసగాళ్లలో 990 మంది దొరుకుతారు. మిగిలిన 99,000 మంది నిర్దోషుల్లోనూ నూటికి ఒక్కరి చొప్పున 990 మంది పట్టుబడతారు. అంటే పట్టుబడినవాళ్లలో సగం మంది ఏ తప్పూ చేయనివాళ్లు! ఇంతకంటే ఎంతో కచ్చితమైన రుజువు దొరికేదాకా నేను బ్యాన్‌కు ఒప్పుకోను. ఏళ్ల తరబడి పెంచుకున్న ఐడీని చేయని తప్పుకు పోగొట్టుకున్న పిల్లవాడికి మళ్లీ ఏ ఆటమీదా నమ్మకం కుదరదు.

అపోహ: గోడచాటుకు చేరాక కూడా నన్ను కొట్టాడంటే వాడు హ్యాకరే.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఎదుటివాడు కాల్చిన క్షణంలో అతని తెరమీద మీరు ఇంకా గోడ బయటే ఉన్నారు. ఆ కబురు చేరగానే సర్వర్ కాలాన్ని కొన్ని మిల్లీసెకన్లు వెనక్కి తిప్పి, అతనికి అప్పుడు కనిపించిన దృశ్యాన్ని బట్టి తీర్పు చెబుతుంది. ఈ లోపల మీరు మీ తెరమీద చాటుకు చేరిపోయారు. ఇలా లెక్క కట్టకపోతే నెట్ నెమ్మదిగా ఉన్నవాడి గురి ఎప్పటికీ తగలదు.

ఈ అపోహ మన ప్రాంతపు పిల్లలను ఎక్కువగా బాధిస్తోంది. రాయగడ, కోరాపుట్ కొండల్లో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. అది తెగి మళ్లీ కలిసినప్పుడు, ఆ ఆటగాడు ఒకచోట మాయమై మరోచోట తేలినట్టు అందరికీ కనిపిస్తాడు. వెంటనే ‘హ్యాకర్’ అంటూ తిట్లు, రిపోర్టులు. కొండవాలులో, చవక ఫోనులో, వచ్చీరాని నెట్‌తో గెలిచిన పిల్లవాడికి దక్కవలసింది ఆ తిట్లు కాదు. రిపోర్టులు ఎన్ని వచ్చినా సంఖ్యను బట్టి శిక్ష వేయకూడదని నేను ఎప్పుడూ వాదిస్తాను. అవి ఎక్కడ వెతకాలో చెబుతాయి, అంతే.

అపోహ: ఐపీ చిరునామానో (నెట్‌లో ఫోనును గుర్తించే అంకెలు), ఫోనునో బ్యాన్ చేస్తే మళ్లీ రాలేడు.

వాస్తవం: మొబైల్ నెట్‌లో ఒకే ఐపీ చిరునామాను ఎంతోమంది వినియోగదారులు పంచుకుంటారు. ఒక్కడి కోసం దాన్ని మూస్తే, అతని ముఖం కూడా చూడనివాళ్లు ఆటకు దూరమవుతారు. ఫోను గుర్తింపును మార్చి చూపించే ప్రోగ్రాములు హ్యాక్‌లతో పాటే అమ్ముడవుతున్నాయి. పైగా సెకండ్‌హ్యాండ్ ఫోను కొన్నవాడూ, నెట్ సెంటర్లో అదే కంప్యూటర్ ముందు తర్వాత కూర్చున్నవాడూ ముందువాడి పాపం మోయవలసి వస్తుంది. ఉచితంగా ఆడే ఆటలో కొత్త ఖాతా తెరవడం ఎలాగూ నిమిషాల పని.

అపోహ: కఠినమైన చట్టం లేకపోవడమే కారణం.

వాస్తవం: దక్షిణ కొరియా 2016లోనే చట్టాన్ని సవరించి, ఇలాంటి ప్రోగ్రాములు తయారుచేసి పంచడాన్ని జైలుశిక్ష పడే నేరంగా మార్చింది. అక్కడా సమస్య తీరలేదు. అమెరికాలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ న్యాయపోరాటం చేయడంతో గ్లైడర్ అనే బాట్ అమ్మకం 2009లో ఆగిపోయింది. తర్వాత ఆ స్థానంలోకి జర్మనీ నుంచి మరో బాట్ హానర్‌బడ్డీ వచ్చింది. చట్టం అవసరమే, కానీ అది ఆటంత వేగంగా దేశాల సరిహద్దులు దాటలేదు.

అపోహ: ఉచిత హ్యాక్ వాడితే పోయేది ఐడీ ఒక్కటే.

వాస్తవం: తల్లిదండ్రులు ఈ ఒక్క భాగమైనా చదవాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే మాడ్ ఏపీకేలు (ఎవరో మార్చి పంచే ఆట యాప్ ఫైళ్లు) మోసపు యాప్‌లకు అనువైన ముసుగు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది యాక్సెసిబిలిటీ అనుమతి అడిగిందంటే, తెరమీద ఉన్నదంతా చదివి, మీ బదులు తానే బటన్లు నొక్కగలదన్నమాట. ఎస్సెమ్మెస్ అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు దాని చేతికి వెళతాయి. మన ఇళ్లలో పిల్లలు ఆడుకునేది చాలాసార్లు అమ్మ ఫోనులోనో నాన్న ఫోనులోనో. యూపీఐ ఉండేదీ అందులోనే.

ఇలాంటి యాప్ ఇప్పటికే ఫోనులో ఉంటే ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి తీసేసి, ఆ తర్వాత యాప్‌ను తొలగించండి. అనుమానం తీరకపోతే ఫొటోలు దాచుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోను నుంచి మార్చుకోండి. యూపీఐ పిన్‌ను బ్యాంకుకు ఇచ్చిన నంబరు సిమ్‌ను ఆ ఫోనులో వేసి మార్చుకోండి. డబ్బు పోయినట్టు తెలిస్తే బ్యాంకుకు చెప్పి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. పిల్లవాడిని మాత్రం కొట్టకండి. కొడితే ఈసారి మీకు చెప్పడు.