ఆకులో దొరికే ఆనవాలు: మామిడి రకాలు, మాలిక్యులర్ మార్కర్ల నేపథ్యం

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు కొత్తగా మామిడి తోట వేసే రైతు నర్సరీలో కొనేది నిజానికి ఒక పేరునే. బంగినపల్లి అనో చిన్న రసం అనో చెప్పి ఇచ్చిన అంటు మొక్క ఆ రకమేనా కాదా అన్నది లేత ఆకును చూసి తేల్చగలవారు అరుదు. కాపు పట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. రకం తేడా వచ్చిందని తెలిసేసరికి పెట్టుబడితో పాటు కాలమూ పోతుంది. విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కు వచ్చిన కాయ ఏ రకమో అనుభవమున్న వ్యాపారి చూడగానే చెబుతాడు గానీ, ఆ నేర్పు మొక్క కొనే రోజున రైతుకు అక్కరకు రాదు. ఆకులోని డీఎన్‌ఏలో రకానికీ రకానికీ తేడా చూపే గుర్తులతో, అంటే మాలిక్యులర్ మార్కర్లతో, రకాన్ని నిర్ధారించే పద్ధతికి మన ప్రాంతంలో అవసరం ఏర్పడినది ఇక్కడే.

ఈ చిక్కుకు మూలం మామిడి స్వభావంలోనే ఉంది. మన రకాలలో సాధారణంగా టెంకకు ఒకే పిండం ఉంటుంది, అదీ పరపరాగ సంపర్కం వల్ల ఏర్పడినది కావచ్చు. అందుకే టెంక నుంచి మొలిచిన చెట్టు తల్లిని పోలి ఉంటుందన్న హామీ లేదు. నచ్చిన చెట్టును నిలుపుకోవడానికి పూర్వులు అంటు కట్టారు. ఆ లెక్కన ఒక రకానికి చెందిన తోటలన్నీ ఒకానొక చెట్టుకు నకళ్లే కావాలి. పేర్లు మాత్రం ఊరు దాటితే మారిపోయాయి: బంగినపల్లి మరో చోట బేనిషాన్, ఇంకో చోట సఫేదా, తోతాపురి మనకు కలెక్టర్, కన్నడిగులకు గినిమూతి. ఇందుకు ఎదురుగా చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం అన్నీ రసాలే అయినా, గుజ్జు తీరును బట్టి పెట్టిన ఆ పేరు వాటి మధ్య బంధుత్వానికి రుజువు కాదు.

చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఆకు పొడవు, పూగుత్తి రంగు, కాయ ముక్కు, టెంక మీది పీచు వంటి లక్షణాలనే నమ్ముకున్నారు. వీటిలో చాలావాటిని నేల, నీరు, చెట్టు వయసు మార్చగలవు. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన ఐసోజైమ్‌లు, అంటే ఎంజైముల రూపభేదాలు, కొంత మేలే గానీ దగ్గరి రకాలను విడదీయడానికి చాలలేదు. 1980లో, డీఎన్‌ఏను ఎంజైములతో కోసి ముక్కల పొడవులను పోల్చే ఆర్‌ఎఫ్‌ఎల్‌పీ పద్ధతితో నేరుగా డీఎన్‌ఏలోని తేడాలనే గుర్తులుగా వాడుకోవచ్చన్న ప్రతిపాదన వచ్చింది. 1983లో అమెరికా శాస్త్రవేత్త క్యారీ మల్లిస్‌కు, కావలసిన డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ ఆలోచన తట్టాక పని సులువైంది; పీసీఆర్‌తోనే డీఎన్‌ఏలో ఎక్కడివో ముందుగా తెలియని ముక్కలను పెంచి పోల్చే ఆర్‌ఏపీడీ 1990లో వచ్చింది; అది చవకగా, జన్యు సమాచారం ముందుగా లేకపోయినా పనిచేయడంతో పండ్ల పంటల పరిశోధనలో త్వరగా వ్యాపించింది. అయితే ఒక ప్రయోగశాలలో డీఎన్‌ఏ ముక్కలు పొడవును బట్టి విడిపోయి ఏర్పరచే గీతలు మరో చోట అలాగే రావన్న అపవాదును అది చివరిదాకా మోసింది.

ఆ లోటును చాలావరకు తీర్చినవి మైక్రోశాటిలైట్లు. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు (అక్షరాలుగా రాసుకునే రసాయన భాగాలు) పదే పదే వచ్చే చోట్ల ఆ ఆవృత్తుల సంఖ్య రకాన్ని బట్టి మారుతుంది; ఒక్కో చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు పొడవులూ విడిగా కనబడతాయి. దీనితో వంశవృక్షాన్ని కూడా తేల్చవచ్చని ద్రాక్ష చూపించింది. పేరుమోసిన నల్ల ద్రాక్ష రకం కాబెర్నే సావిన్యాన్, కాబెర్నే ఫ్రాంక్‌కూ తెల్ల ద్రాక్ష అయిన సావిన్యాన్ బ్లాంక్‌కూ పుట్టిన సంతానమని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ పరిశోధకులు తేల్చారు. మామిడికి ప్రత్యేకమైన మైక్రోశాటిలైట్లు 2005 ప్రాంతంలో వెలువడ్డాయి, 2020లో ఆల్ఫాన్సో జన్యుక్రమం ప్రచురితమైంది. ఇప్పుడు ఒక్కొక్క అక్షరపు మార్పును చదివే ఎస్‌ఎన్‌పీ మార్కర్ల వైపు మొగ్గు ఎక్కువగా ఉంది.

చెప్పినంత సులువుగా మామిడి ఆకు లొంగదు. ముదురు ఆకులో పాలీఫినాళ్లు (గాలి తగిలితే రంగు మారే వగరు పదార్థాలు), జిగురు పదార్థాలు మెండుగా ఉండి, నూరగానే ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది; అలా చెడిన డీఎన్‌ఏతో పీసీఆర్ సరిగా నడవదు. అందుకని రాగి రంగు విడవని లేత చిగురును కోసి, ద్రవ నైట్రోజన్‌లో పెళుసు చేసి పొడి కొట్టి, సుమారు 65 డిగ్రీల వేడిలో కణాలను చీల్చి డీఎన్‌ఏను బయటికి తెచ్చే సీటాబ్ ద్రావణంతో, పాలీఫినాళ్లను పట్టి ఉంచే పీవీపీని కూడా కలిపి, డీఎన్‌ఏను వేరు చేస్తారు.

మార్కర్ల మీద పెట్టుకునే ఆశలకు హద్దు కూడా తెలియాలి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ప్రాంతానికి ముడిపడినది. అదే అంటును మరో రాష్ట్రంలో నాటినా డీఎన్‌ఏ మారదు కనుక, కాయ ఏ నేల మీద పండిందో మార్కర్ చెప్పలేదు. అలాగే సాధారణంగా వాడే మార్కర్లు తీపినీ వాసననూ కొలవవు. ఒకే రకంలో కొమ్మ మార్పు, అంటే ఒక కొమ్మలో దానంతటదే వచ్చిన జన్యు మార్పు, వల్ల పుట్టిన మేలు రకాన్ని కొద్దిపాటి మైక్రోశాటిలైట్లతో విడదీయడమూ కష్టమే.

నా దృష్టిలో వీటి అసలు ఉపయోగం నాటు చెట్ల విషయంలో ఉంది. బంగినపల్లి, కలెక్టర్ తోటలు ఎన్ని ఎకరాలు పెరిగినా జన్యు వైవిధ్యం పెరిగేది స్వల్పం. గట్ల మీద, పెరళ్లలో టెంక నుంచి మొలిచిన చెట్లు మాత్రం దేనికది వేరు. పచ్చడి కాయకని ఉంచుకున్న అలాంటి చెట్టును నరికి కలప చేసే ముందు దాని జన్యు గుర్తును నమోదు చేసుకుంటే, ఏ చెట్టు నుంచి అంటు తీసి భద్రపరచాలో తేల్చుకోవచ్చు. నర్సరీ మొక్కను పరీక్షించాలన్నా పోల్చి చూడటానికి నిర్ధారితమైన తల్లి చెట్టు నమూనా కావాలి. ఆ నమూనాల పట్టిక లేకుండా ఎంత ఖరీదైన యంత్రమైనా రెండు ఆకులు ఒకటేనా కాదా అని చెబుతుంది తప్ప, వాటిలో బంగినపల్లి ఏదో చెప్పలేదు.